కోట తలుపు మూయించిన తండ్రి

మూడింటికి మేకప్ కుర్చీలో కూర్చున్నవాడు నాలుగింటికి తెర లేచేసరికి సరిహద్దు కోటకి అధిపతి అయిపోవాలి. పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, అదే అద్దం, అదే గంట. ఆ గంటసేపు అతనికి ఎవరూ పని చెప్పరు, ఎవరూ కబురు పెట్టరు. నాటకాల కంపెనీలో చిన్నా పెద్దా అందరూ అతన్ని తండ్రిగారూ అనే పిలుస్తారు, అమ్మానాన్నలు పెట్టిన పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఇవాళ మాత్రం ఆ గంట అతనిది కాకుండా పోయింది. అద్దం ముందు, జిగురు సీసాకీ దూది ఉండకీ మధ్య, ఫోన్ బోర్లా పడి ఉంది, దాన్ని తిప్పి చూడటానికి చెయ్యి రావడం లేదు. కూతురు ఈపాటికి స్టేషన్ దారిలో ఉంటుంది. నాలుగు గంటల బండి. పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె చెప్పింది చాలా స్పష్టంగా చెప్పింది, "బండెక్కేలోపు ఒక్కసారి ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకో నాన్నా. పది రోజుల్లో తిరిగొచ్చేస్తాను. తీసుకోకపోతే రాను. తర్వాత రమ్మన్నా రాను." బెదిరించే రకం కాదు ఆ పిల్ల. చిన్నప్పుడూ అంతే, ఏడవనంటే ఏడ్చేది కాదు, మోకాలు చీరుకుపోయి రక్తం కారుతున్నా పెదవి బిగించి కూర్చునేది, చూస్తున్న తనకే కళ్ళ నీళ్ళు తిరిగేవి.

స్టేజీ మీద వడ్రంగులు కోట తలుపు సరిచూస్తున్నారు. తాళ్ళు వదిలినప్పుడల్లా ఇద్దరు మనుషుల ఎత్తు చెక్క తలుపు దభీమని కిందికి పడుతోంది, మేకప్ గది గోడ అదురుతోంది, అద్దంలో అతని మొహం ఒక్క క్షణం రెండై మళ్ళీ ఒకటవుతోంది. గడ్డం ఇంకా సగమే అంటింది. కుడి చెంప కోటాధిపతిది, ఎడమ చెంప పొద్దున్న గీసుకోవడం మర్చిపోయిన ముసలివాడిది. ఏ చెంపని నమ్మాలో అద్దానికే తెలియాలి. మొదటి అంకంలో ఈ గడ్డానికి నూనె రాసి నున్నగా దువ్వుతారు, ఎందుకంటే ఆ తండ్రి మంచివాడు, నవ్వుతూ వస్తాడు, కూతురు చెయ్యి పట్టుకుని కొలువంతా తిప్పుతాడు, నా కూతురి మాటే ఈ కోటకి శాసనం అంటాడు, జనం చప్పట్లు కొడతారు. ఎక్కడాడినా కొడతారు. ఆడపిల్లల తండ్రులు మరీ గట్టిగా కొడతారు. మూడో అంకంలో అదే గడ్డం చెదిరి ఉంటుంది, అదే తండ్రి అదే కొలువులో నిలబడి తలుపు మూయండి అంటాడు. బయట మంచు కురుస్తుంటుంది. బయట కూతురు ఉంటుంది. చేసిన నేరమల్లా, తండ్రి వెళ్ళగొట్టిన అన్నకి రహస్యంగా రొట్టె పట్టుకెళ్ళడం. అయిదో అంకంలో తప్పు నాదే, తలుపు తియ్యండి అంటాడు, తీస్తారు, అప్పటికి తియ్యడం వల్ల ఎవరికీ ఉపయోగం ఉండదు. ఎన్ని వందల ఏళ్ళనుంచో ఆడుతున్న ఆట. ఎవరు ఆడినా తలుపు ఒక గంట ఆలస్యంగానే తెరుచుకుంటుంది, ఒక్క ఊళ్ళో ఒక్కరోజైనా వేళకి తెరుచుకున్న పాపాన పోలేదు.

ఆ మధ్యలో ఏం జరిగింది? పందొమ్మిదేళ్ళుగా అతన్ని తొలిచేస్తున్న ప్రశ్న ఇదొక్కటే. చెయ్యి పట్టుకుని తిప్పినవాడు మంచులోకి ఎలా తోశాడు? రాసినవాడు ఆ మెలిక చూపించలేదు. రెండో అంకం చివర భటుడొచ్చి నిండు కొలువులో సంగతి చెప్తాడు, తెర పడుతుంది, తెర లేచేసరికి మనిషి మారిపోయి ఉంటాడు. పడిన తెర వెనకాల ఎక్కడో మారిపోయాడు. చదువుకున్నవాళ్ళు చెప్పిన కారణాలన్నీ అతను ఓపిగ్గా విన్నాడు. అధికారం అన్నారు, భయం అన్నారు, శత్రువు గుమ్మంలో ఉన్నాడు కాబట్టి అన్నారు, మొదటినుంచీ క్రూరుడే, నవ్వంతా నటన అన్నారు. ఈ చివరి మాటకి అతనికి ఒళ్ళు మండేది. ఆ నవ్వు నటన కాదు. ఆ నవ్వు నవ్వేవాడికి తెలుస్తుంది. మొదట్లో ఒకసారి మేష్టారిని అడిగాడు. నాటకం నేర్పిన మేష్టారు, పోయి నాలుగేళ్ళయింది, టీ గ్లాసులో వేలు ముంచి ఈగని తీసి పారేసి, "నాకూ తెలీదురా. రాసినవాడికీ తెలీదేమో. ఇంట్లో వెతుక్కో" అన్నాడు. ముసలాయన వేళాకోళం అనుకున్నాడు అప్పుడు. ఇంట్లో ఏముంది వెతకడానికి? పెళ్ళాం, అయిదేళ్ళు కూడా లేని కూతురు, వాన పడితే గోడకి తడి దిగే ఒక గది, తడి దిగని రెండు గదులు.

ఆ తర్వాత పెళ్ళాం కూడా లేకుండా పోయింది. పదకొండేళ్ళ కిందట ఇలాగే ఒక ఆట రోజున, ఒక పెట్టె పట్టుకుని, తాళంచెవి పక్కింటివాళ్ళకి ఇచ్చి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందన్నది అతను ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. అతన్ని కాల్చింది అది కాదు. పక్కింటావిడ తాళంచెవి ఇస్తూ, "మీకు తెలుసనుకున్నాం" అంది. మెట్ల కిందింటివాళ్ళకి తెలుసు, పాలవాడికి తెలుసు, బట్టలు ఇస్త్రీ చేసేవాడికి తెలుసు. అందరికీ తెలిసింది తనకి ఒక్కడికే తెలియకపోవడం. తలకొట్టేసినట్టయింది. వారం రోజులు వీధిలో తలెత్తలేదు, చెప్పుల వంకే చూస్తూ నడిచాడు, ఆ వారమంతా మొదటి అంకం ఎప్పటికంటే బాగా నవ్వాడు, జనం ఎప్పటికంటే ఎక్కువ చప్పట్లు కొట్టారు.

మేకప్ అక్క దువ్వెనతో అతని ఎడమ చెంప మీది వెంట్రుకలు పైకి దువ్వి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంటుంది, మాట్లాడదు, జిగురు ఆరేదాకా మాట్లాడకూడదని ఆవిడ నియమం, మాట్లాడితే బుగ్గ కదిలి గడ్డం ముడతపడుతుంది. మంచిదే. మాట్లాడటం వల్లనే కదా పొద్దున్న ఇంత జరిగింది. గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, అతను బల్ల దగ్గర కూర్చుని మూడో అంకం తిరగేస్తున్నాడు, ఈ ఏడు ఇదే మొదటి ఆట కాబట్టి. కూతురు వచ్చి ఎదురుగా కూర్చోలేదు, గుమ్మంలో నిలబడింది. అప్పుడే గ్రహించి ఉండాల్సింది. "నాన్నా, అమ్మకి ఆపరేషన్. దగ్గర ఎవరూ లేరు. నేను వెళ్తున్నాను." అమ్మ అనే మాట ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఎవరూ అనలేదు. దానికే అతను తట్టుకున్నాడు, నిజంగానే తట్టుకున్నాడు, పాపం అని కూడా అనబోయాడు. పెదవుల దాకా వచ్చింది. ఎక్కడ ఉందో నీకెలా తెలుసు అని మాత్రం ముందు అడిగాడు. ఆ పిల్లకి అబద్ధం చేతకాదు. ఆరేళ్ళుగా వెళ్తున్నానంది. నెలకో ఆదివారం. స్నేహితురాలి ఇంటికని చెప్పి వెళ్ళిన ఆదివారాలన్నీ అవే. పక్కింటావిడకి తెలుసు. పెద్దమ్మకి తెలుసు. ఆరేళ్ళు. అతను అన్ని ఆదివారాలూ గొడుగు పట్టుకెళ్ళు, తొందరగా వచ్చెయ్యి అని మెట్ల మీద నిలబడి చెప్పాడు. గొడుగు పట్టుకుని వెళ్ళింది. తొందరగానే వచ్చింది.

అప్పుడు వచ్చింది ఆ మాట. అరిచి అనలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరుపు కోపం, కోపాన్ని కూతుళ్ళు క్షమిస్తారు. గొంతు కిందికి దిగింది, మెల్లగా, బావిలోకి చేద దించినట్టు, "ఆ ఇంటి గడప తొక్కినదానికి ఈ ఇంటి తలుపు లేదు" అన్నాడు. నాటకంలో మాట కాదు అది, అచ్చంగా తనదే. కూతురు మొహంలో రంగు పోయింది. సరిగ్గా అప్పుడు, ఆ పిల్ల కింది పెదవి వణకడం కళ్ళారా చూస్తూ, లోపల ఇంకొకడు ఎవడో నిదానంగా, ఎంతో సంతోషంగా, ఓహో ఇదన్నమాట అన్నాడు. ఆ తండ్రి తలుపు మూయించింది కొడుక్కి రొట్టె పెట్టిందని కాదు. శత్రువని కాదు. కోటలో వంటవాడి దగ్గర్నుంచి కాపలావాడి దాకా అందరికీ తెలిసి, తనకి నిండు కొలువులో చివర తెలిసిందని. ప్రేమించిన చెయ్యే అందరి ముందూ తనని వెర్రివాణ్ణి చేసిందని. అంతే. అంత చిన్నది. పందొమ్మిదేళ్ళు పుస్తకాల్లో వెతికింది వంటింట్లో దొరికింది. చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాడు, బల్ల అంచు మీద, బొటనవేలు చెక్క కిందికి దూర్చి ఉంది, భుజం పైకి లేవలేదు, కిందికి జారింది, గొంతు దిగింది. పెన్సిల్ చేతిలోనే ఉంది. పుస్తకం తెరిచే ఉంది. రాసుకున్నాడు. మూడో అంకం మొదటి పేజీ పక్కన, గొంతు పెంచకు, దించు, బొటనవేలు బల్ల కింద, అని రాసుకున్నాడు. బండెక్కేలోపు అంటూ కూతురు చెప్తున్నది వింటూనే రాసుకున్నాడు. వీధి తలుపు తీసిన చప్పుడు వినపడింది. లేవాలనుకున్నాడు, లేచేవాడే, భుజం సంగతి ఒక్కటి మర్చిపోకుండా రాసేసి లేద్దామనుకున్నాడు, రాసేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా అయిపోయింది. పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడు వాసన వేసింది.

ఏ తండ్రి చేస్తాడు ఈ పని? తాగుబోతు కూడా చెయ్యడు. తాగుబోతు కనీసం కూతురి వెనకాల నాలుగు మెట్లు దిగి దొర్లి పడతాడు. అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది, పొద్దుటినుంచీ వేస్తూనే ఉంది, రిక్షాలో వస్తూ మూడుసార్లు ఫోన్ తీశాడు, మూడుసార్లూ జేబులో పెట్టేశాడు, మొదటిసారి ట్రాఫిక్ చప్పుడని, రెండోసారి రిక్షావాడు వింటాడని, మూడోసారి ఏ సాకూ దొరక్క ఊరికే. ఇప్పుడు మూడూ ఇరవై. తలుపు మళ్ళీ దభీమంది. ఎవరో పైనుంచి, "కాస్త నెమ్మదిగా వదలండి బాబూ, ఆ పిల్ల కింద ఉంటుంది ఆ టైములో!" అని అరిచారు, ఇంకెవరో నవ్వారు. కొత్తగా చేరిన పిల్ల గురించి అంటున్నారు, కూతురి వేషం వేసే పిల్ల, తెలుసు, అయినా తన కూతురి గురించే అన్నట్టు వినపడింది. చేసెయ్యాలి. జిగురు ఆరకపోతే ఆరకపోయింది. గడ్డం ముడతపడితే పడనీ. వెళ్ళు, అమ్మని చూసుకో, తిరిగి రా, ఇంతే కదా, పట్టుమని పది మాటలు లేవు, నాలుగు వందల మాటల ఉపన్యాసం ఊపిరి తీయకుండా చెప్పేవాడికి ఇదొక లెక్కా. ఫోన్ మీదికి చెయ్యి చాచాడు. నిజంగానే చాచాడు, వేళ్ళు తగిలాయి కూడా.

"పొద్దున్న చిన్ని ఫోన్ చేస్తే, మీరు చేస్తారనే చెప్పాను," అంది మేకప్ అక్క, తన నియమం తనే తప్పి. చిన్ని అంటే అతని కూతురే, కంపెనీ అంతా అలాగే పిలుస్తారు, ఈ తెరల మధ్యే పెరిగిన పిల్ల. "మీ నాన్నకి ముక్కు మీద కోపం, మనసు వెన్న, తప్పకుండా చేస్తాడు, భయపడకు అన్నాను. నిన్న సాయంత్రం కూడా వచ్చి పాపం ఇక్కడే కూర్చుని ఏడ్చింది, ఎలా చెప్పాలో తెలీట్లేదు అక్కా అని."

నిన్న సాయంత్రం. ఇక్కడే, ఈ కుర్చీలోనే కాబోలు. అతను అద్దంలో ఆవిడ వంక చూశాడు. ఆవిడకి తెలుసు. నిన్నటినుంచి తెలుసు, కాదు, ఆవిడ మొహం చూస్తే ఆరేళ్ళ సంగతీ తెలుసు. ఆవిడకి తెలిస్తే తెర గంట కొట్టే ఆయనకి తెలుసు, ఆయనకి తెలిస్తే లైట్లవాడికీ, వడ్రంగులకీ, కొత్త పిల్లకీ. పొద్దున్న గేటు దగ్గర వాచ్‌మన్ ఎన్నడూ లేంది బాగున్నారా అని అడిగాడు. అందుకన్నమాట. నిండు కొలువు. వేళ్ళు ఫోన్ మీదనుంచి వాటంతట అవే వచ్చేశాయి. భుజం కిందికి జారింది, జారడం అద్దంలో కనపడింది కూడా, బొటనవేలు బల్ల అంచు కింద ఎప్పుడు దూరిందో తెలీదు. పొద్దున్న కనిపెట్టినదంతా, అసహ్యపడినదంతా, ఇంత స్పష్టంగా తెలిసి కూడా మళ్ళీ అదే మెట్టు మీదనుంచి అదే పడటం. రోగం పేరు తెలిసినంత మాత్రాన జ్వరం తగ్గుతుందా? ఒంటరిగా ఉన్నప్పుడు మంచివాడే ఆ తండ్రి. మొదటి అంకంలో మంచివాడే, అయిదో అంకంలోనూ మంచివాడే. నలుగురి కళ్ళు మీద పడినప్పుడే వాడికి ఏదో అవుతుంది. చెయ్యకపోతే ఏం? రానంటే రాకపోనీ. ఎక్కడికి పోతుంది, పదిహేను రోజులకి తనే వస్తుంది, మెట్ల కింద నిలబడి నాన్నా అంటుంది. రాదు. ఆ పిల్ల ఏడవనంటే ఏడవని పిల్ల. మూడూ ముప్పైరెండు. వాన మొదలైనట్టుంది, రేకుల మీద టపటపలు, గదిలో వెలుతురు తగ్గి అద్దం చుట్టూ బల్బులు పచ్చగా కనపడుతున్నాయి. గొడుగు తీసుకెళ్ళిందో లేదో. పొద్దున్న తను చెప్పలేదు.

కూతురే కదా అసలు తనకి పాఠం చెప్పింది. పెళ్ళాం వెళ్ళిపోయాక పుస్తకం పట్టుకోవడానికి మనిషి లేకపోతే, పన్నెండేళ్ళ పిల్ల కాళ్ళు బాసింపట్టు వేసుకుని మంచం మీద కూర్చుని, మిగతా అన్ని వేషాలూ తనే చదివేది. భటుడు, వంటవాడు, కొడుకు, కూతురు. మంచులో చచ్చిపోయే కూతురు మాటలు చదువుతూ మధ్యలో బిస్కెట్టు తినేది. ఇంటర్ పరీక్షలప్పుడు కూడా వదల్లేదు, ఒక చేత్తో తన పుస్తకం, ఒక చేత్తో నాన్న పుస్తకం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నొక్కాలో ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. ఆ రాత్రుల్లో ఇల్లు ఎంత నిండుగా ఉండేదో. లోకంలో తనని చూసి నవ్వని ప్రాణి అదొక్కటే, ఆ ఒక్కదాన్నే మంచులోకి తోసి, ఇక్కడ జిగురు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు. అతనికి ఒక్కసారిగా భయం వేసింది. కోపం పోయి వట్టి భయం మిగిలింది, చీకట్లో మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనప్పుడు వేసే భయం. అయిదో అంకంలో ఆ తండ్రి గబగబా పరిగెత్తుతాడు, దాన్ని అతను పశ్చాత్తాపం అనుకుని ఆడుతూ వచ్చాడు ఇన్నాళ్ళూ. కాదు. భయం. ఇక తనని తండ్రీ అని పిలిచేవాళ్ళు ఎవరూ ఉండరని.

మూడూ నలభై అయిదుకి గంట కొట్టే ఆయన రేకు డబ్బా పట్టుకుని వచ్చాడు. కంపెనీ మొదలైన దగ్గర్నుంచీ ఉన్న కట్టుబాటు, తెర లేవడానికి పావుగంట ముందు ఫోన్లన్నీ ఆ డబ్బాలో పడాలి, ఆట అయ్యాకే తిరిగి ఇవ్వడం, పెద్దా చిన్నా తేడా లేదు. డబ్బాని ఆయన బల్ల మీద పెట్టి పక్కకి తిరిగి నిలబడ్డాడు. "రెండు నిమిషాలు, అన్నా," అన్నాడు అతను. "తీసుకోండి తండ్రిగారూ," అన్నాడాయన, మరీ మెత్తగా, అంటే ఆయనకీ తెలుసు. తెలియనీ. ఈసారి అతను పళ్ళ బిగువున ఆ తెలియడాన్ని మింగేశాడు, గరళమే అనుకో, మింగాడు, ఫోన్ తిప్పి నొక్కాడు. ఒక్క మోతకే ఎత్తింది. చేతిలోనే పట్టుకుని కూర్చుందన్నమాట. వెనకాల స్టేషన్ గోల, బండి ఎన్నో నంబరు ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో చెప్తున్న ఆడగొంతు.

"చిన్నీ," అన్నాడు. "తప్పు నాదే తల్లీ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. వెళ్ళి, అమ్మని చూసుకుని, మనింటికి రా." గొంతు వణకాల్సిన చోట వణికింది. మేకప్ అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. గంట కొట్టే ఆయన తల దించుకున్నాడు.

"ఎంత బాగా చెప్పావు నాన్నా," అంది కూతురు. వెటకారం కాదు, ఆ పిల్లకి వెటకారం రాదు. "తప్పు నాదే అన్నాక ఊపిరి తీసుకున్నావు చూశావా, అక్కడ తీసుకోమని చెప్పింది నేనే. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు."

"అది కాదు చిన్నీ. నేనే మాట్లాడుతున్నాను. నిజంగా."

"ఇదీ ఆ కోటాధిపతిలాగే ఉంది నాన్నా." ఇప్పుడు ఆ పిల్ల గొంతు వణికింది, చోటుకాని చోట, వికారంగా, మాట మధ్యలో విరిగి. "నాకు ఎలా తెలుస్తుంది చెప్పు? పొద్దుటి గొంతు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. అదొక్కటే నీది అనిపించింది. ఇంకోసారి చెప్పు. మామూలుగా చెప్పు, చాలు, వచ్చేస్తాను."

మామూలుగా. అతను నోరు తెరిచాడు. మామూలుగా ఎలా మాట్లాడతారు? తల్లీ అనబోయాడు, ఆ తల్లీ మొదటి అంకంలోది, ఆపేశాడు. ఏడుద్దామనుకుంటే అది అయిదోదానిది. రావే అని విసుగ్గా అందామనుకున్నాడు, విసుగు కూడా ఎక్కడో ఒకచోట వాడేసిందే, ఏ పట్నంలో వాడాడో కూడా గుర్తొచ్చింది. లోపలికి ఎంత దూరం వెళ్ళి వెతికినా ఏదో ఒక వేషం ఎదురొచ్చి దండం పెడుతోంది. ఇది నాది కాదు అనుకుని పక్కకి తోసి ఇంకో అడుగు లోపలికి వెళ్తే అక్కడ చప్పట్లు. అటువైపు కూతురు ఎదురుచూస్తోంది. తొందరపెట్టలేదు. బండి వచ్చి ఆగిన చప్పుడు, జనం తోసుకుంటున్న చప్పుడు, వాటన్నిటి మధ్యా ఆ పిల్ల ఊపిరి ఒక్కటి విడిగా వినపడుతోంది, ఫోన్ చెవికి అదుముకుని నిలబడి ఉంటుంది, కళ్ళు మూసుకుని ఉంటుంది, తనకి తెలుసు. ఒక్క ముక్క, ఎంత చెత్తదైనా ఒక్క ముక్క, ఎవరూ రాయనిది.

హాలులో మొదటి గంట మోగింది.

ఆ గంట ఫోన్లోంచి కూతురికీ వినపడి ఉంటుంది. "వెళ్ళు నాన్నా, టైమయింది," అని పెట్టేసింది.

అప్పుడు అతనికి కలిగింది దుఃఖం కాదు. ఊరట. పరీక్షలో కాగితాలు లాగేసుకున్నప్పుడు ఏమీ రాయని పిల్లవాడికి కలిగే ఊరట. ఒంట్లోకి ప్రాణం తిరిగొచ్చినట్టయింది, భుజాలు నిలబడ్డాయి, ఇక రెండున్నర గంటలపాటు మాట్లాడాల్సిన మాటలన్నీ ఎవరో ఎప్పుడో రాసిపెట్టినవే. ఫోన్ తనే డబ్బాలో వేశాడు. అద్దంలో గడ్డం ఎక్కడా ముడతపడకుండా కుదిరింది. "బాగుందా?" అని అడిగాడు మేకప్ అక్కని, ఆవిడ అతని మొహంలోకి అదోలా చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది. తెర పక్కన కొత్త పిల్ల వణుకుతూ నిలబడి ఉంది, మొదటి ఆట కదా. అతను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, వెలుతురులోకి నడిచాడు. జనం చప్పట్లు కొట్టారు.